కణం సరుకును ఒక విధంగా, సమాచారాన్ని మరో విధంగా ఎందుకు దాస్తుంది?

అమ్మా, విజయవాడలో ఇంటర్ బైపీసీ చదువుతున్నానని చెప్పి నువ్వు మూడు సంగతులు అడిగావు. మొక్కలు పిండి పదార్థాన్ని, జంతువులు గ్లైకోజన్‌నూ కొవ్వునూ నిల్వ చేస్తాయని పట్టిక కంఠస్థం చేశావు కానీ, ఆ తేడా ఎందుకో ఎవరూ చెప్పలేదన్నావు. డీఎన్‌ఏ కూడా కణంలో నిల్వ ఉండేదే కదా, దాన్ని నిల్వ పదార్థాల జాబితాలో ఎందుకు చేర్చరన్నది రెండో ప్రశ్న. వీటిలో ఏదైనా ఇంట్లో కళ్లారా చూడగలమా అన్నది మూడోది. నేను గుంటూరులో చాలా ఏళ్లు వృక్షశాస్త్రం బోధించాను కనుక ఉదాహరణలు ఎక్కువగా మన పొలాల నుంచి, వంటింటి నుంచి వస్తాయి. నీ రెండో ప్రశ్న చాలా లోతైనది. అది తేలితే మొదటిది సగం తేలిపోతుంది. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

పిండి పదార్థం గొలుసే, డీఎన్‌ఏ కూడా గొలుసే. చిన్న అణువులను ఒకదాని వెంట ఒకటి అతికించి కణం రెండింటినీ తయారు చేస్తుంది. ఒకే రంగు పూసలతో గుచ్చిన దండను తెంపి మళ్లీ గుచ్చితే పాత దండకూ కొత్త దండకూ తేడా ఉండదు. నాలుగు రంగుల పూసలను ఒక వరుసలో గుచ్చిన దండ తెగితే పూసలన్నీ చేతిలోనే ఉంటాయి, వరుస మాత్రం పోతుంది. పిండి మొదటి రకం దండ. అందులో గ్లూకోజ్ తప్ప మరొకటి లేదు, అందుకే అది ఎంత పొడవున్నా ఏ విషయమూ చెప్పదు. డీఎన్‌ఏ రెండో రకం. అడినైన్, థైమిన్, గ్వానైన్, సైటోసిన్ అనే నాలుగు క్షారాలు ఏ వరుసలో ఉన్నాయన్నదే అందులోని సమాచారం.

మనం తినే అన్నంలో వరి మొక్క డీఎన్‌ఏ ఉంటుంది, పప్పులో కంది మొక్కది ఉంటుంది. రోజూ తింటూనే ఉన్నాం. చిన్నపేగులో ఎంజైములు దాన్ని ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల్లోని చక్కెర, ఫాస్ఫేటు ఎంతో కొంత శరీరానికి పనికొస్తాయి కానీ, వరి మొక్క ఎలా తయారు కావాలో చెప్పే వరుస అక్కడితో చెరిగిపోతుంది. అన్నంలోని పిండి విషయంలో అలా నష్టపోయేది ఏమీ లేదు, ఎందుకంటే విడిపోయిన గ్లూకోజే మనకు కావలసింది. పాఠ్యపుస్తకాలు డీఎన్‌ఏను నిల్వ పదార్థంగా లెక్కించకపోవడానికి కారణం ఇదే. పిండిని కణం ఖర్చు పెట్టడానికి దాస్తుంది. డీఎన్‌ఏను ఖర్చు పెట్టకుండా, కావలసినప్పుడల్లా నకలు తీసుకోవడానికి దాస్తుంది. కింద చెప్పబోయే తేడాలన్నీ ఈ రెండు అవసరాల నుంచి పుట్టినవే.

ముందు సరుకు సంగతి. గ్లూకోజ్‌ను గ్లూకోజ్‌గానే దాచుకోవచ్చు కదా, గొలుసుగా మార్చే శ్రమ ఎందుకు? దీనికి జవాబు ద్రవాభిసరణంలో ఉంది. నీటిలో కరిగి ఉన్న అణువుల సంఖ్య ఎంత ఎక్కువైతే కణంలోకి నీరు అంతగా చొరబడుతుంది. ఇక్కడ లెక్కకు వచ్చేది అణువుల బరువు కాదు, వాటి సంఖ్య. మన కాలేయ కణంలో ఉన్న గ్లైకోజన్‌ను మొత్తం విడగొడితే గ్లూకోజ్ గాఢత సుమారు 0.4 మోలార్‌కు చేరుతుంది. రక్తంలో మామూలుగా ఉండేది దాదాపు 0.005 మోలార్. అంత తేడా ఉంటే నీరు లోపలికి దూసుకొచ్చి కణం పగిలిపోతుంది. వేలాది గ్లూకోజ్ అణువులను ఒకే పెద్ద అణువుగా కలిపేస్తే సంఖ్య పడిపోతుంది, గ్లైకోజన్ గాఢత మైక్రోమోలార్‌లో నూరో వంతుకు దిగుతుంది. సరుకు అంతే ఉంటుంది, నీటి ఒత్తిడి ఉండదు. ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుకుంటే పట్టికలో సగం నువ్వే రాయగలవు.

అయితే ఉయ్యూరు చుట్టుపక్కల పండే చెరకు ఈ సూత్రానికి ఎదురు తిరిగినట్లు కనిపిస్తుంది. చెరకు తన చక్కెరను సుక్రోజ్ రూపంలో, కరిగిన రసంగానే కాండం కణాల్లో దాచుకుంటుంది. ఆ కణాలు ఎందుకు పగలవు? మొక్క కణానికి పొర వెలుపల సెల్యులోజ్‌తో అల్లిన గట్టి కణకవచం ఉంటుంది. నీరు లోపలికి తోసుకొస్తే కవచం తిరిగి నొక్కుతుంది, కణం బిగుస్తుందే తప్ప పగలదు. ఆ బిగువే లేత మొక్కను నిటారుగా నిలబెడుతుంది. నీళ్లు లేక తోటకూర వాలిపోవడం ఆ బిగువు తగ్గినందువల్లే. జంతు కణానికి ఆ కవచం లేదు. కాబట్టి కరిగిన సరుకును పెద్ద మొత్తంలో ఒకచోట ఉంచుకునే అవకాశమూ లేదు. పరీక్షలో కణకవచాన్ని నిర్మాణ భాగంగా మాత్రమే రాస్తారు. కణం ఏమేమి దాచుకోగలదో నిర్ణయించేది కూడా అదేనని నా అభిప్రాయం.

కవచం ఉన్నందువల్లే మొక్క కణంలో పెద్ద రిక్తిక, అంటే పొరతో మూసిన ద్రవపు సంచి, సాధ్యమైంది. ఎదిగిన మొక్క కణంలో అది 90 శాతం వరకు చోటు ఆక్రమించగలదు. నీరు, లవణాలు, చక్కెరలు, ఆమ్లాలు, రంగులు, శత్రువులను తరిమే విషాలు అన్నీ అందులోకే చేరతాయి. గోంగూర పులుపు దాని ఆకు కణాల రిక్తికల్లో ఉన్న ఆమ్లాలది. వంకాయ తొక్క ఊదా రంగు, బీట్‌రూట్ ఎరుపు కూడా రిక్తికలోవే. కంద, చేమ దుంపలు గొంతులో దురద పుట్టించడానికి కారణం వాటి ప్రత్యేక కణాల్లో కట్టలు కట్టలుగా ఉండే కాల్షియం ఆక్సలేట్ సూదులు. కాల్షియం కరిగిన రూపంలో మితిమీరితే కణానికి ప్రమాదం. స్ఫటికంగా మార్చి పక్కన పెడితే ఆ ప్రమాదం తప్పుతుంది, మేయడానికి వచ్చే పశువుల నుంచి రక్షణ కూడా దొరుకుతుంది.

ఇక మిర్చి దగ్గర కాస్త ఆగాలి. గుంటూరు యార్డులో కుప్పలు పోసిన కాయల ఎరుపు రిక్తికలోది కాదు. పచ్చికాయ కణాల్లో హరితరేణువులు ఉంటాయి. కాయ పండే కొద్దీ అవే రూపం మార్చుకుని క్రోమోప్లాస్ట్‌లు అనే రంగు రేణువులు అవుతాయి. పత్రహరితం విచ్ఛిన్నమవుతుంది, క్యాప్సాంథిన్ వంటి ఎర్రని కెరోటినాయిడ్లు పోగుపడతాయి. ఇవి నీటిలో కరగవు, నూనెలో కరుగుతాయి. వంటింట్లో దీన్ని నువ్వు రోజూ చూస్తున్నావు. బీట్‌రూట్‌ను ఉడికిస్తే నీరు ఎర్రబడుతుంది, ఆవకాయలో మాత్రం నూనె ఎర్రబడుతుంది. రంగు ఏ అరలో దాగి ఉందో, దాన్ని ఏది బయటికి లాగగలదో ఈ రెండు గిన్నెలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. కారం ఉండే చోటు వేరే. గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలోని కణాలు క్యాప్సైసిన్‌ను తయారు చేసి ఆ ఈనె పైపొరలోనే పోగుచేస్తాయి. గింజలు కారంగా అనిపించడం ఆ ఈనెను అంటుకుని ఉన్నందువల్లే, అవి సొంతంగా కారం తయారు చేయవు. ఒకే కాయలో ఎరుపు ఒకచోట, కారం మరోచోట ఉండటం చూస్తే, నిల్వ అంటే ఏదో ఒక మూలన పడేయడం కాదని, దేనికి ఏ చోటో ముందే నిర్ణయమై ఉంటుందని అర్థమవుతుంది.

పిండి పదార్థానికి కూడా సొంత గది ఉంది. దుంపల్లో, గింజల్లో అది అమైలోప్లాస్ట్ అనే రంగులేని ప్లాస్టిడ్‌లలో (హరితరేణువుల కోవకే చెందిన కణాంగాల్లో) రేణువులుగా పేరుకుంటుంది. బంగాళదుంప రేణువులు పెద్దవి, కొన్ని 100 మైక్రోమీటర్ల వరకు ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద వాటిలో పొరల వలయాలు కనిపిస్తాయి. వరి రేణువులు చాలా చిన్నవి, కోణాలు తేలి ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి. పిండిలో కొమ్మలు దాదాపు లేని అమైలోజ్, కొమ్మలున్న అమైలోపెక్టిన్ అని రెండు రకాల గొలుసులు ఉన్నాయి. అమైలోజ్ పాలు ఎక్కువైతే అన్నం పొడిపొడిగా, మరీ తగ్గితే ముద్దగా వస్తుంది. బాపట్ల వ్యవసాయ కళాశాలలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి, అంతగా ఆదరణ పొందడానికి అన్నం తీరు ఒక ముఖ్య కారణం. ఆ తీరును నిర్ణయించే వాటిలో ఈ రెండు గొలుసుల పాళ్లు ప్రధానమైనవి.

ఆకులో పిండి నిల్వ వేరుగా నడుస్తుంది. పగలు తయారైన చక్కెరలో కొంత భాగాన్ని హరితరేణువు అక్కడికక్కడే పిండిగా మార్చి ఉంచుతుంది, రాత్రి వెలుతురు లేనప్పుడు కరిగించి వాడుకుంటుంది. చాలా మొక్కల్లో తెల్లవారేసరికి ఈ నిల్వ దాదాపు పూర్తయ్యేలా ఖర్చు సాగుతుంది.

జంతువుల గ్లైకోజన్ కూడా గ్లూకోజ్ గొలుసే. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ 1857లో కాలేయం నుంచి దాన్ని వేరుచేసి చూపాడు. అమైలోపెక్టిన్‌లో సుమారు 24 నుంచి 30 గ్లూకోజ్‌లకు ఒక కొమ్మ వస్తే, గ్లైకోజన్‌లో 8 నుంచి 12కే వస్తుంది. ఈ అంకెలను చాలామంది గుర్తుపెట్టుకుంటారు కానీ ఎందుకని అడగరు. గ్లూకోజ్‌ను విడదీసే ఎంజైము గొలుసు కొసల దగ్గర పనిచేస్తుంది. కొమ్మలు ఎక్కువైతే కొసలు ఎక్కువ, ఒకేసారి ఎక్కువ ఎంజైములు పనిలోకి దిగుతాయి. కుక్క తరిమితే పరుగెత్తాల్సిన జీవికి ఆ వేగం కావాలి. వేరుపాతుకుని నిలబడిన మొక్కకు అంత తొందర లేదు, పిండిని దాదాపు స్ఫటికంలా దట్టంగా పేర్చుకుంటే చాలు.

గ్లైకోజన్‌కు ముందు కండరం వాడుకునే చిన్న నిల్వ ఇంకొకటి ఉంది, దాని పేరు ఫాస్ఫోక్రియాటిన్. దాన్ని కనుగొన్న ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఆ ఫలితం ప్రకటించారు, 1929లో కణం పనులకు శక్తిని అందించే ఏటీపీని కూడా వేరుచేశారు. ఏటీపీని కణం పెద్దగా నిల్వ చేయదు, క్షణక్షణం తయారు చేసుకుంటూ ఖర్చు పెడుతుంది. తీవ్రమైన శ్రమలో మొదటి కొద్ది సెకన్లలో ఏటీపీ లోటు పూడ్చేది ఫాస్ఫోక్రియాటినే. మన జిల్లాల పిల్లలు ఈ అధ్యాయం చదువుతూ ఆయన పేరు వినకుండా కళాశాల దాటిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మరి కొవ్వు ఎందుకు? కాలేయంలో గ్లైకోజన్ సుమారు 100 గ్రాములు, కండరాలన్నిటిలో కలిపి సుమారు 400 గ్రాములు ఉంటుంది. ఒక రోజు ఉపవాసంతో కాలేయం నిల్వ చాలావరకు అయిపోతుంది. గ్రాము కొవ్వులో 9 కిలో కేలరీలు, గ్రాము గ్లైకోజన్‌లో 4 ఉంటాయి. పైగా గ్లైకోజన్ తన బరువుకు రెండు మూడు రెట్ల నీటిని వెంట పెట్టుకుంటుంది, కొవ్వుకు నీటితో పని లేదు. లెక్క వేసి చూడు. 10 కిలోల కొవ్వులో 90 వేల కిలో కేలరీలు ఉంటాయి. అంత శక్తిని గ్లైకోజన్‌గా దాచాలంటే 22 కిలోలకు పైగా కావాలి, నీటితో కలిపితే 70 నుంచి 90 కిలోలు అవుతుంది. అంత బరువు మోస్తూ ఏ జంతువూ తిరగలేదు. కొవ్వు కణంలో ఒకే పెద్ద కొవ్వు బిందువు దాదాపు మొత్తం చోటు ఆక్రమించి, కేంద్రకాన్ని అంచుకు నెట్టేస్తుంది.

మొక్కల్లో కూడా కదలాల్సిన భాగం ఒకటుంది, అది గింజ. తక్కువ బరువులో ఎక్కువ శక్తి కావాలి కాబట్టి వేరుశనగ, నువ్వులు, ఆముదం, పొద్దుతిరుగుడు గింజలు నూనెను దాచుకుంటాయి. వేరుశనగ పప్పు బరువులో దాదాపు సగం నూనే. అది చిన్న చిన్న బిందువులుగా, ఒక్కో బిందువు చుట్టూ ఒలియోసిన్ అనే మాంసకృత్తు పొరతో ఉంటుంది. గింజ ఎండిపోయినా బిందువులు కలిసిపోకుండా ఆ పొర కాపాడుతుంది. వరి, జొన్న, మొక్కజొన్న మాత్రం గింజలో ప్రధానంగా పిండినే దాస్తాయి. కాబట్టి గింజ అంటే నూనె అని సూత్రం రాసుకోకు. ఇది మొగ్గు మాత్రమే.

ఇక్కడే మొక్కకూ జంతువుకూ మధ్య నాకు అన్నిటికంటే అద్భుతంగా అనిపించే తేడా ఉంది. మొలకెత్తే వేరుశనగ తన నూనెను చక్కెరగా మార్చుకుని లేత కాండానికి, వేరుకు పంపగలదు. గ్లైఆక్సిలేట్ వలయం అనే చర్యల వరుస దీనికి ఆధారం. దాన్ని 1957లో హాన్స్ కోర్న్‌బర్గ్, హాన్స్ క్రెబ్స్ వివరించారు. మొలకల్లో ఈ పని గ్లైఆక్సిసోమ్‌లు అనే ప్రత్యేక కణాంగాల్లో జరుగుతుంది. మన కణాల్లో ఆ వలయానికి కావలసిన ఎంజైములు లేవు. కొవ్వు ఆమ్లాల నుంచి గ్లూకోజ్‌ను మనం కూడబెట్టలేం. అందుకే ఎక్కువ రోజులు తిండి లేకపోతే, ఒంట్లో కొవ్వు ఎంత ఉన్నా, మెదడుకు కావలసిన గ్లూకోజ్ కోసం శరీరం కండరాల మాంసకృత్తులను కరిగిస్తుంది. ఆ నష్టం తగ్గించడానికి కాలేయం కొవ్వు నుంచి కీటోన్‌లను తయారు చేసి మెదడుకు కొంతమేర అందిస్తుంది. ఎండుగింజ మట్టిలో అవలీలగా చేసే పని మనిషి కాలేయానికి సాధ్యం కాదన్న మాట తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు తలెత్తి చూసేవారు.

మిగతా సరుకుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఇనుమును ఫెరిటిన్ అనే బోలు గోళంలో దాచడం మొక్కలకూ జంతువులకూ ఉమ్మడి పద్ధతి, ఒక్కో గోళంలో 4,500 వరకు ఇనుము పరమాణువులు పడతాయి. విటమిన్ ఎ మన కాలేయంలోని ప్రత్యేక కణాల్లో కొవ్వు బిందువులుగా ఉంటుంది. క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను జింకుతో కలిపి చిన్న సంచుల్లో స్ఫటికాలుగా పేర్చుకుని, రక్తంలో చక్కెర పెరిగినప్పుడు బయటికి వదులుతాయి. మాంసకృత్తుల విషయంలో మాత్రం ఒక తేడా గమనించు. మినుములు, పెసలు, కందులు మాంసకృత్తులను బీజదళాల కణాల్లో ప్రత్యేక అరల్లో కూడబెడతాయి. గుంటూరు దగ్గరి లాం ఫారంలో రూపొందిన ఎల్‌బీజీ రకాల మినుములతో మన ఇళ్లలో ఇడ్లీ, గారె చేసుకుంటున్నామంటే మొలక కోసం దాచిన ఆ నిల్వనే మనం తింటున్నాం. జంతువు శరీరంలో మాంసకృత్తులకు అలాంటి ప్రత్యేక నిల్వ లేదు. కండరం పని చేయడానికి ఉన్నది, ఆపద వస్తే దాన్నే కరిగించుకోవాలి. మినహాయింపు గుడ్డు. కోడిగుడ్డు పచ్చసొన, ఫలదీకరణకు ముందు, ఒకే ఒక్క కణం. తల్లి తోడు లేకుండా పెరగాల్సిన పిండం కోసం జంతువు కూడా మాంసకృత్తులు, కొవ్వు కలిపి దాచిపెడుతుంది.

గింజలో, గుడ్డులో ఇంకో విషయం కలుస్తుంది, అదే సమాచారం వైపు దారి. ఎండిన గింజలో తల్లిమొక్క దగ్గరే తయారైన ఎంఆర్‌ఎన్‌ఏ అణువులు, అంటే జన్యువుల నకళ్లు, సిద్ధంగా ఉంటాయి. నీరు తగిలిన వెంటనే, కొత్తగా జన్యువులను చదవకముందే, వాటి ఆధారంగా మాంసకృత్తుల తయారీ మొదలవుతుంది. జంతువుల అండంలో కూడా తల్లి ఉంచిన ఎంఆర్‌ఎన్‌ఏ మొదటి కణవిభజనలను నడిపిస్తుంది. మామూలు కణాల్లో ఎంఆర్‌ఎన్‌ఏ కొద్ది నిమిషాల నుంచి కొన్ని గంటల్లో విచ్ఛిన్నమయ్యే తాత్కాలికమైన నకలు. ఈ రెండు చోట్ల మాత్రం అది నిల్వ సరుకులలో ఒకటిగా మారుతుంది.

ఇప్పుడు అసలు ప్రతి, డీఎన్‌ఏ. మనిషి ఒక్కో కణంలోని డీఎన్‌ఏను సాగదీస్తే సుమారు 2 మీటర్ల పొడవు ఉంటుంది. అది పట్టాల్సిన కేంద్రకం అడ్డకొలత ఆరేడు మైక్రోమీటర్లు. హిస్టోన్‌లు అనే మాంసకృత్తులు ఎనిమిది కలిసిన ముద్ద చుట్టూ 147 క్షార జతల చొప్పున చుట్టుకుంటూ అది కుదురుకుంటుంది. మొక్కల్లోనూ ఇదే ఏర్పాటు. పిండిని ఎంత దట్టంగా కుక్కినా ఇబ్బంది లేదు. డీఎన్‌ఏ విషయంలో మాత్రం కావలసిన చోట విప్పి చదివే వీలు ఉండాలి. కేంద్రకంలో కొన్ని ప్రాంతాలు వదులుగా, కొన్ని బిగువుగా ఉండటానికి కారణం అదే. రెండు పోగులు ఎందుకన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు ఉంది. ఒక పోగులో క్షారం చెడితే ఎదురు పోగును చూసి కణం సరిదిద్దుకుంటుంది. పిండిలో ఒక గ్లూకోజ్ పోతే ఎవరికీ పట్టదు కాబట్టి దానికి ఇలాంటి మరమ్మతు ఏర్పాటు లేదు.

జన్యుసముదాయం, అంటే ఒక జీవి డీఎన్‌ఏ మొత్తం, ఎంత పెద్దదైతే ఆ జీవి అంత సంక్లిష్టమైనదన్న అపోహ తొలగిస్తాను. క్షార జతను ఒక అక్షరంగా లెక్కిస్తే, మనిషి జన్యుసముదాయం ఒక ప్రతిలో సుమారు 310 కోట్ల అక్షరాలు. నాలుగు అక్షరాల లిపి కనుక ఒక్కో అక్షరానికి రెండు బిట్లు చాలు, మొత్తం 800 మెగాబైట్ల లోపే. అంటే ఒక సినిమా ఫైలు కంటే తక్కువ. 2005లో పూర్తయిన వరి జన్యుపటంలో సుమారు 40 కోట్ల అక్షరాలే ఉన్నాయి. 2014లో వెల్లడైన మిరప జన్యుసముదాయం సుమారు 350 కోట్లు, మనిషి కంటే పెద్దది. మిరప మొక్క మన కంటే సంక్లిష్టమైనదని దీని అర్థం కాదు. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా తమను తామే నకలు చేసుకుంటూ జన్యుసముదాయంలో చోట్లు మారే పునరావృత భాగాలు. మాంసకృత్తులను సూచించే జన్యువుల సంఖ్య మనిషిలో సుమారు 20 వేలు, మిరపలో సుమారు 35 వేలు.

మొక్కకూ జంతువుకూ తేడా ఎక్కడంటే, సమాచారం ఉన్న చోట్ల సంఖ్యలో. జంతు కణంలో కేంద్రకం, మైటోకాండ్రియా రెండు చోట్ల డీఎన్‌ఏ ఉంటుంది. మొక్క కణంలో ప్లాస్టిడ్‌లు మూడో చోటు. మన మైటోకాండ్రియాలోని డీఎన్‌ఏ వలయం 16,569 అక్షరాలు, 37 జన్యువులు. వరి హరితరేణువులోని వలయం లక్షా 34 వేల అక్షరాలకు పైనే. ఇవి ఎక్కువగా తల్లి నుంచే సంక్రమిస్తాయి. లిపి మాత్రం, చిన్న మినహాయింపులు వదిలేస్తే, అందరికీ ఒకటే. 2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తిని తలచుకో. ఒక మట్టి బ్యాక్టీరియా జన్యువును పత్తి కణం తనదే అన్నట్లు చదివి అదే మాంసకృత్తును తయారు చేస్తుంది. నిల్వ సరుకులు జీవికో రకంగా మారినా, సమాచారాన్ని రాసే పద్ధతి మారలేదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ గుంటూరు జిల్లా రైతుకు మరొకటి దొరకదు.

అన్ని కణాల్లో ఒకే సమాచారం ఉంటే కాలేయ కణం, నాడీ కణం వేరువేరుగా ఎందుకున్నాయి? ఏ జన్యువులు చదవాలో, ఏవి మూసి ఉంచాలో డీఎన్‌ఏ మీద, హిస్టోన్‌ల మీద మిథైల్ సమూహాల వంటి రసాయనిక గుర్తులు చెబుతాయి. అక్షరాలు మారవు, గుర్తులు మారతాయి. మొక్కలు ఈ గుర్తులను తేలికగా తిరగరాసుకోగలవు. ఎఫ్.సి. స్టీవార్డ్ 1958లో క్యారెట్ కణాల నుంచి మొత్తం మొక్కను పెంచి చూపాడు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, ఎస్.సి. మహేశ్వరి 1964లో ఉమ్మెత్త పరాగకోశాల నుంచి పిండాలను సాధించారు. పరాగరేణువులో సగం క్రోమోజోములే ఉన్నా, మొక్కను నిర్మించే సమాచారం మొత్తం అందులో ఉందని తేలింది. జంతు కణం కూడా సమాచారాన్ని పోగొట్టుకోదు. 1996లో డాలీ గొర్రె పొదుగు కణం కేంద్రకం నుంచే పుట్టింది. అయితే ఆ కేంద్రకాన్ని కేంద్రకం తీసేసిన అండంలోకి మార్చాల్సి వచ్చింది.

ఒక చిన్న మినహాయింపు చెప్పి ముందుకు పోతాను. రోగనిరోధక వ్యవస్థలోని బి, టి కణాలు తమ ప్రతిరక్షకాల, గ్రాహకాల జన్యువుల ముక్కలను నిజంగానే కత్తిరించి కొత్తగా అతికించుకుంటాయి. టీకాను శరీరం చాలా కాలం గుర్తుపెట్టుకోవడానికి ఈ కణాల వారసులే కారణం. నువ్వు చదివిన పాఠం గుర్తుండటం మాత్రం డీఎన్‌ఏ వరుసలో జరిగేది కాదు, నాడీకణాల మధ్య సంధుల బలం మారడంతో జరుగుతుంది.

సమాచారాన్ని పూర్తిగా వదిలేసిన కణాలు కూడా ఉన్నాయి. మన ఎర్ర రక్తకణం హిమోగ్లోబిన్‌కు చోటు చేసుకుంటూ కేంద్రకాన్ని వెళ్లగొడుతుంది. చెడిన మాంసకృత్తును మళ్లీ తయారు చేసుకునే దారి ఉండదు కనుక సుమారు 120 రోజుల్లో దాని పని ముగుస్తుంది. మొక్కలో చక్కెరను మోసే చాలనీ నాళ కణాలకూ కేంద్రకం ఉండదు. అయినా తాడి, కొబ్బరి వంటి చెట్లలో అవి దశాబ్దాల పాటు బతుకుతాయి. పక్కనే ఆనుకుని ఉన్న సహకణం తన కేంద్రకంతో రెండింటికీ కావలసిన మాంసకృత్తులు తయారు చేసి సన్నని దారుల గుండా పంపుతుంది. సరుకు, సమాచారం ఒకే కణంలో ఉండాలన్న నియమం లేదని, సమాచారం అందుబాటులో ఉంటే చాలని ఈ జంట చెబుతుంది. బోర్డు పరీక్షలో చాలనీ నాళం, సహకణం గురించి అడిగితే ఈ సంబంధం తప్పకుండా రాయి.

ఇంట్లో చూడదగ్గవి చెబుతాను. మందుల దుకాణంలో దొరికే టింక్చర్ అయోడిన్‌ను నీటిలో పలచగా కలిపి పచ్చి అరటికాయ ముక్క మీద, బాగా మగ్గిన అరటిపండు ముక్క మీద ఒక్కో చుక్క వెయ్యి. కాయ నల్లటి నీలం రంగుకు తిరుగుతుంది, పండు దాదాపు మారదు, ఎందుకంటే పిండి చక్కెరగా మారిపోయింది. ఆ ముక్కలను తినకుండా పారెయ్యాలి. వేరుశనగ పప్పును కాగితం మీద నలిపితే ఆరని మరక పడుతుంది, అది నూనె బిందువుల నిల్వ. కళాశాలలో సూక్ష్మదర్శిని దొరికితే పండుమిర్చి లోపలి కండను పలచగా గీరి చూడు, క్రోమోప్లాస్ట్‌లు నారింజ, ఎరుపు చుక్కల్లా కనిపిస్తాయి. బంగాళదుంప గీరిన పాలలో వలయాలున్న రేణువులు కనిపిస్తాయి.

డీఎన్‌ఏ కోసం ఒక ఉల్లిపాయ తరిగి మెత్తగా నూరి, అర గ్లాసు నీటిలో అర చెంచా ఉప్పు, రెండు చెంచాల గిన్నెలు తోమే ద్రవం కలిపి అందులో వెయ్యి. నురగ రాకుండా మెల్లగా కలిపి పది పదిహేను నిమిషాలు ఉంచి, పలుచని గుడ్డలో వడకట్టు. సబ్బు పొరలను విప్పుతుంది, ఉప్పు డీఎన్‌ఏ పోగులు ఒకదానికొకటి దగ్గరయ్యేలా చేస్తుంది. వడకట్టిన నీటిని సన్నని గాజు గ్లాసులో పోసి, ఐసు ముక్కల మధ్య చల్లబరచిన సర్జికల్ స్పిరిట్‌ను గ్లాసు గోడ వెంట అంతే పరిమాణంలో నెమ్మదిగా జార్చు. రెండు ద్రవాలు కలిసే చోట తెల్లటి పోగులు పైకి తేలతాయి, అగరుబత్తి పుల్లతో చుట్టి తీయవచ్చు. అవి పూర్తిగా శుద్ధమైన డీఎన్‌ఏ కాదు, ఆర్‌ఎన్‌ఏ, కొంత మాంసకృత్తు కలిసే ఉంటాయి. స్పిరిట్ మండే స్వభావం ఉన్నది, కాబట్టి పొయ్యికి దూరంగా, కిటికీలు తెరిచి, పెద్దవాళ్లు పక్కన ఉండగా చెయ్యి. మొదటిసారి పోగులు సరిగా తేలకపోతే స్పిరిట్ ఇంకా చల్లగా ఉండేలా చూసుకో, జార్చేటప్పుడు గ్లాసును కదపకు.